సోమవారం అర్జీలు ఇప్పుడు ఫోనే రాస్తోంది: మీ దగ్గర ఎలా ఉంది?

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో కలెక్టరేట్‌కు వెళ్లే దారిలో నాకొక చిన్న జిరాక్స్ కొట్టు ఉంది. లామినేషన్లు, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ చేస్తాను గానీ, కొట్టు అద్దె వెళ్లదీసేది మాత్రం అర్జీలే. సోమవారం నాడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కనుక, మొదటి బస్సుకు పల్లెల నుంచి వచ్చినవాళ్లు నేను షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద కూర్చుని ఉంటారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ కార్యక్రమం పేరు మారింది; మొన్నటి దాకా స్పందన, అంతకుముందు మీకోసం. వచ్చే మనుషులూ, వాళ్ల చేతి సంచుల్లోని కాగితాలూ మాత్రం మారలేదు. పాసు పుస్తకంలో పేరు తప్పు పడినవారు, పింఛను ఆగిపోయినవారు, పక్క రైతు గట్టు జరిపాడని వచ్చినవారు, కొడుకు కూడు పెట్టడం లేదని వచ్చిన తల్లులు.

ఇప్పుడు వాళ్లలో చాలామంది అర్జీ రాయమని అడగడం లేదు. మనవడో కూతురో ఫోనులో ఏఐని అడిగి రాయించిన మేటరు నా వాట్సాప్‌కు పంపి, ప్రింటు తీసిపెట్టమంటున్నారు. భాష చూస్తే వంక పెట్టడానికి లేదు. విషయం, సూచిక, విన్నపం, కృతజ్ఞతలు అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. మొన్న ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అర్జీ రెండు పేజీలు ఉంది. మూడు తరాలుగా ఆ భూమి మీదే బతుకుతున్నామనీ, న్యాయం జరగకపోతే కుటుంబం వీధిన పడుతుందనీ చక్కగా రాసి ఉంది. ఏ ఊళ్లో భూమో, ఎంత విస్తీర్ణమో, తప్పు ఎక్కడ పడిందో ఒక్క ముక్క లేదు. పైగా ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్‌లో సవరణకు దరఖాస్తు చేసుకున్నామని కూడా ఉంది. ధరణి తెలంగాణది, అక్కడ కూడా ఇప్పుడు దాని స్థానంలో భూభారతి వచ్చింది. మనం చూసుకోవలసింది మన రాష్ట్ర పోర్టల్ మీభూమి. తహసీల్దారు గారిని ఫలానా రోజున కలిశామని ఒక తేదీ కూడా వేసి ఉంది. "ఆ రోజు వెళ్లారా తాతా?" అని అడిగితే, "నాను ఎల్లనేదు బాబూ, ఆ ఫోనుకెలా తెలిసిందో" అన్నాడాయన.

నేను ఏఐకి వ్యతిరేకిని కాను, నేనూ వాడతాను. నా సందేహం ఒకటే. మాట ఇంత నున్నగా వస్తున్నప్పుడు, అందులో సరుకు ఉందో లేదో చూసే బాధ్యత ఎవరిది? మీ మీ పనుల్లో, ఇళ్లలో ఇలాంటివి ఎదురవుతున్నాయా? తీరిక ఉన్నవారు వివరంగా రాయండి.

మూడు లాంతర్లు (విజయనగరం)

నేను డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. అన్నగారు ఏమీ అనుకోకపోతే ఒక మాట అంటాను. అర్జీలు రాసేవారి బేరం తగ్గుతోందన్న బాధ ఈ ప్రశ్నలో కొంత ఉందేమో చూసుకోండి. మా నాన్నగారు ఆటో నడుపుతారు. నా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయినప్పుడు ఒక పేజీ రాసిచ్చినందుకు మా దగ్గర వంద రూపాయలు తీసుకున్నారు. ఆ పేజీలో మా సంగతి రెండు వరసలే, మిగతాదంతా అందరికీ రాసేదే. అర్జీలు ఎప్పటి నుంచో అచ్చు పోసినట్టే ఉన్నాయి. ఇప్పుడు అచ్చు పోసేది మారింది, అంతే. ఫోను రాత్రి పదకొండు గంటలకు అడిగినా రాస్తుంది, ఎన్నిసార్లు మార్చమన్నా విసుక్కోదు, క్యూలో నిలబెట్టదు. తప్పు రాసిందంటే అడిగినవాడు సరిగా చెప్పలేదన్నమాట.

పాత కరణం (చీపురుపల్లి)

కరణాల వ్యవస్థ పోయి నాలుగు దశాబ్దాలు దాటింది. అయినా రెవెన్యూలో పనిచేసి దిగినవాణ్ని మా ఊళ్లో ఇంకా కరణం గారనే పిలుస్తారు గనుక ఆ పేరే పెట్టుకున్నాను.

బాబూ, అడిగినవాడు సరిగా చెప్పలేదన్న నీ మాటతో నేను ఏకీభవించను. ఏం చెప్పాలో తెలిసినవాడికి అర్జీ రాసేవాడితో పనే లేదు. భూమి విషయమే తీసుకో. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. వాటిని ఎల్‌పీఎం నంబర్లు అంటున్నారు. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమి ఒకే నంబరు కింద పడింది. అది జాయింట్ ఎల్‌పీఎం. ఇప్పుడు వస్తున్న భూమి తగాదాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. రైతు నోట వచ్చేది తాతల నాటి సర్వే నంబరు, లేదా "చెరువు కింద ముప్పై సెంట్లు" అనే మాట. ఆన్‌లైన్‌లో కనిపించేది కొత్త నంబరు. ఈ రెంటినీ ముడివేసి రాస్తేనే అది అర్జీ అవుతుంది. ఆ ముడి వేయాలంటే వన్-బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), పాత పాసు పుస్తకం ముందు పెట్టుకుని మనిషిని కూర్చోబెట్టి అడగాలి. "నీ పొలానికి తూర్పున ఎవరిది? మీ నాన్న పేరున ఉందా, నీ పేరుకు మారిందా? అన్నదమ్ములు పంపకం కాగితం రాసుకున్నారా, నోటి మాటేనా?" ఈ ప్రశ్నలు వేయకుండా రాసిన రెండు పేజీల కన్నా, వేసి రాసిన ఐదు వరసలు మేలు.

ఆ బల్ల వెనక కూర్చున్న ఎవరైనా అర్జీలో మొదట వెతికేది నంబరు, ఊరు, ఫోన్ నంబరు. కష్టాల వర్ణన చదివి కరిగిపోయేంత తీరిక సోమవారం నాడు ఎవరికీ ఉండదు.

పలాస టు బెంగళూరు

పుట్టింది పలాస, పని బెంగళూరులో. ఏఐ వెనక ఉండే భాషా నమూనాలతోనే నా ఉద్యోగం కాబట్టి, పెద్దాయన అర్జీలోకి ఆ తేదీ ఎలా వచ్చిందో చెప్పగలను.

ఈ యంత్రాలు చేసే పని మూలంలో ఒక్కటే: ఇప్పటిదాకా ఉన్న మాటల తరవాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో ఊహించడం. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం ఈ ఊహను చాలా దూరం తీసుకువెళ్లింది. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ విడుదలైన తరవాత అది మన ఇళ్లలోకి వచ్చింది. అది చదివిన వేలాది విజ్ఞప్తి లేఖల్లో "ఫలానా తేదీన కార్యాలయానికి వెళ్లి" అనే వాక్యం ఉంటుంది. ఆ వాక్యం మొదలుపెట్టాక అక్కడొక తేదీ రావాలి. మీరు చెప్పకపోతే అదే ఒకటి వేస్తుంది. అబద్ధం ఆడుతున్నానన్న స్పృహ దానికి లేదు. ఖాళీని ఖాళీగా వదిలేయడం దానికి ఎవరైనా ప్రత్యేకంగా చెప్పాల్సిన పని. ధరణి సంగతీ అంతే. తెలుగులో భూమి రికార్డుల గురించి రాసిన దానిలో రెండు రాష్ట్రాలదీ కలిసిపోయి ఉంటుంది. మీరు ఆంధ్రప్రదేశ్ అనీ, జిల్లా ఫలానా అనీ మొదటి వరసలోనే చెప్పకపోతే, ఏది ఎక్కువగా చదివిందో అదే ఇస్తుంది.

తెలుగు విషయంలో బాగుపడినవీ ఉన్నాయి. ఈ నమూనాలు పదాలను టోకెన్లనే చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చదువుతాయి, ధర కూడా ఆ ముక్కల లెక్కనే. ఇంగ్లిషుకు అనువుగా చేసిన పాత పద్ధతిలో తెలుగు మాట నుగ్గునుగ్గయ్యేది. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ ఇచ్చిన ఉదాహరణలో, పాత పద్ధతిలో 159 ముక్కలైన తెలుగు వాక్యాలు కొత్త పద్ధతిలో 45 ముక్కలకు తగ్గాయి. దానివల్ల వేగం పెరిగింది, ఖర్చు తగ్గింది. మన ఊరి సంగతులు మాత్రం దానివల్ల వచ్చి చేరవు.

వాడేవారికి నాదొక సూచన. "అర్జీ రాయి" అని మొదలుపెట్టకండి. "నేను ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లా వాణ్ని, భూమి రికార్డులో తప్పు పడింది, ముందు నన్ను ఒక్కొక్క ప్రశ్నే అడుగు, నేను చెప్పనిది ఏదీ రాయకు, తెలియని చోట గీత గీసి వదులు" అనండి. ఫలితంలో చాలా తేడా ఉంటుంది. ఇంకొక మాట: ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఫొటోలు తీసి అందులో పెట్టేస్తున్నవారిని చూశాను. అర్జీ రాయడానికి దానికి ఆ నంబర్లు అక్కరలేదు. ప్రింటు తీశాక చేత్తో వేసుకోండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. అర్జీల సంగతి తెలిసినవారు చెబుతున్నారు కనుక, నేను ఇళ్లలో జరుగుతున్నది రాస్తాను.

మా వీధిలో ఒక పెద్దమనిషి కాలం చేశారు. సాయంత్రానికి వీధి వాట్సాప్ గుంపులో సంతాపాలు వచ్చాయి. "వారు లేని లోటు తీర్చలేనిది, వారి జ్ఞాపకాలు మనందరి హృదయాల్లో చిరస్థాయిగా నిలిచిపోతాయి, వారి ఆత్మకు శాంతి చేకూరాలని భగవంతుని ప్రార్థిస్తున్నాను." మాటలు అటూ ఇటూ అవుతున్నాయి గానీ ఒకదాని వెనక ఒకటి ఇదే. ఆయన రోజూ తెల్లవారుజామున కొత్త వంతెన దాకా నడిచి, వచ్చేటప్పుడు ఎవరింటి పాల పాకెట్లు గేటు దగ్గర పడి ఉన్నా తీసి గోడ మీద పెట్టే మనిషి. ఎండలో పాలు విరిగిపోతాయని, కుక్కలు చింపేస్తాయని. ఆ ముక్క ఒక్కరు రాయలేదు. అందరికీ తెలుసు, అందరూ మర్నాడు ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పుకున్నారు. రాతలోకి మాత్రం అది రాలేదు, ఎందుకంటే రాసింది తాము కాదు.

వెనకటికి సంతాప సందేశాలన్నీ కొత్తగా ఉండేవని నేను అనడం లేదు. తంతి కార్యాలయంలో శుభాకాంక్షలకు నంబర్లు ఉండేవి. ఎనిమిదో నంబరు అంటే ఫలానా వాక్యం అని అచ్చు పట్టిక గోడకు వేలాడేది. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయిందాకా ఆ తయారు మాటలు నడిచాయి. కానీ అవి తయారు మాటలని పంపినవాడికీ, అందుకున్నవాడికీ తెలుసు. ఇప్పుడు వచ్చేవి మనసులోంచి వచ్చినట్టు కనిపిస్తూ రావడమే నాకు మింగుడు పడనిది. విజయనగరం బాబు అచ్చు గురించి అన్నది నిజమే. ఈ అచ్చు అచ్చులా కనబడదు, అదీ తేడా.

భావనపాడు తీరం

ఇక్కడ రాసిన పెద్దలందరికీ చదువుంది. చదువు లేని ఇంటి నుంచి కూడా ఒకరు రాయాలని రాస్తున్నాను.

మా నాన్న, మా చిన్నాన్నలు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద వేట చేస్తారు. మా తీరంలో చాలా ఊళ్ల మగవాళ్లు అంతే. 2018 చివర్లో అలా వెళ్లిన మన జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర తిరిగి మన నేల మీద కాలు పెట్టలేదు. ఆ ఏడాది పైచిలుకు కాలం ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎవరో రాసిచ్చిన కాగితాలు పట్టుకుని ఎన్ని గుమ్మాలు తిరిగారో మా వాడల్లో అందరికీ తెలుసు. ఆ కాగితాల్లో ఏం రాసి ఉందో వాళ్లకు తెలియదు. వేలిముద్ర వేయమంటే వేసేవారు.

మా అమ్మకు చదవడం రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు ఇచ్చే భృతి జాబితాలో నాన్న పేరు రాలేదని తెలిసినప్పుడు, నేను పక్కన లేను. అమ్మ మా తమ్ముడి చేత ఫోనులో మాట్లాడించి, వచ్చిన రాతను ఫోను చేతే పైకి చదివించుకుంది. ఒకచోట ఆపి, "పడవ మనది కాదు, కూలికెళ్తాడని చెప్పరా" అంది. మార్చి మళ్లీ చదివింది. ఇంకోచోట ఆపింది, మళ్లీ మార్చింది. తన పేరు మీద వెళ్లే కాగితంలో ఏముందో మా అమ్మ పూర్తిగా విని వేలిముద్ర వేయడం అదే మొదలు. ఆ ఫోను ఆమెను కసరలేదు, "నీకేం తెలుసు, నేను రాస్తాను కదా" అనలేదు.

కరణం గారు చెప్పిన ప్రశ్నలు మంచివే. అలా కూర్చోబెట్టి అడిగే మనిషి మాకు ఎన్నిసార్లు దొరికారు?

పాత కరణం (చీపురుపల్లి)

అమ్మా, నీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అడగవలసినవాళ్లు అడిగి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

ఊరి నర్సు (ఉద్దానం)

భావనపాడు చెల్లెమ్మ చెప్పినది పూర్తిగా నిజం, ఆ మాటకు ముందుగా నా మద్దతు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో నేను ఏఎన్ఎంగా, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. నాకు ఎదురవుతున్నది దానికి రెండో వైపు.

మా మండలంలో సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) అనే మాట తెలియని ఇల్లు లేదు. చదువు రాని ముసలమ్మ కూడా తనకు ఎంత ఉందో పాయింట్లతో సహా చెబుతుంది. ల్యాబు కాగితం చేతికి రాగానే పిల్లలు ఫొటో తీసి ఏఐలో పెడుతున్నారు. ఇంగ్లిషులో ఉన్న డిశ్చార్జి కాగితాన్ని తెలుగులోకి మార్చి, ఏ మాత్ర ఎందుకో చెప్పడంలో అది నిజంగా పనికొస్తోంది; డాక్టరు గారు రెండు నిమిషాల్లో చెప్పిన దాన్ని ఇంటికి వచ్చి నిదానంగా అర్థం చేసుకుంటున్నారు.

అయితే ఇక్కడి జబ్బుకు బయటి లెక్కలు సరిపోవు. కిడ్నీ పాడవడానికి కారణాలు చెప్పమంటే షుగరు, బీపీ అని అది మొదలుపెడుతుంది. ఉద్దానంలో ఆ రెండూ లేకుండానే పొలాల్లో పనిచేసుకునే మనుషులకు ఇది వస్తోంది, కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. "నాకు షుగరు లేదు, బీపీ లేదు, కాబట్టి నాకు కిడ్నీ జబ్బు రాదంట" అని పరీక్షకు రాకుండా ఆగిపోయినవారు ఉన్నారు. దీనికన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే ఒకాయన ఇంట్లో కొబ్బరి బొండాలు కుప్పగా కనిపించాయి. కిడ్నీలు శుభ్రపడటానికి నీళ్లు బాగా తాగాలని, కొబ్బరి నీళ్లు మంచివని ఫోను చెప్పిందట. మామూలు మనిషికి ఆ సలహాలో తప్పు లేదు. డయాలసిస్ మీద ఉన్నవాడికి తాగిన నీరు బయటికి పోయే దారి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. అది రక్తంలో పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. మా దగ్గర పెరటికి నాలుగు చెట్లుంటాయి, అడగకుండానే దింపి ఇస్తారు.

ఆయన కూతుర్ని అడిగాను, నాన్న డయాలసిస్ మీద ఉన్నాడని ఫోనుకు చెప్పావా అని. చెప్పలేదంది. కిడ్నీకి ఏది మంచిది అని మాత్రం అడిగిందట. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, అక్కడికి వెళ్లినప్పుడు ఏది తినాలో ఏది తాగకూడదో రాయించుకుని రమ్మంటున్నాను. ఆ కాగితం ఫోనుకు చూపించి, దీన్నిబట్టి చెప్పు అనమంటున్నాను. అలా అడిగితే ఇబ్బంది పెట్టలేదు ఇప్పటిదాకా.

కవిటి కొబ్బరి

నర్సమ్మ గారు చెప్పిన చెట్ల గురించే ఒక మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు పడిపోయాయి. తరవాత నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు, ఏ తోటలో ఎన్ని చెట్లు, ఎంత వయసువి అని నోటు పుస్తకంలో రాసి ఉంచుకున్నవాడికి లెక్క తేలిగ్గా తెగింది. ఫోనులో దాచుకున్నవాడు చార్జింగు కోసం జనరేటరు ఉన్న ఇంటి ముందు వరసలో నిలబడ్డాడు. ఏఐ వాడండి, నేనూ వాతావరణం గురించి, తెల్లదోమ మందు గురించి రోజూ అడుగుతాను. అసలు లెక్క మాత్రం కాగితం మీద ఉండాలి.

పొందూరు నూలు

చదివి నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను, చివరికి నవ్వు రాకపోయినా.

మా ఇంట్లో ఆడవాళ్లు నూలు వడుకుతారు. మా బంధువుల అబ్బాయి ఆన్‌లైన్‌లో బట్ట అమ్ముదామని ఏఐ చేత వివరణ రాయించాడు. "పొందూరు పట్టు నేత కళాకారుల శతాబ్దాల వారసత్వం" అని మొదలైంది. పొందూరులో నేసేది నూలు ఖద్దరు. కొండపత్తి గింజ మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు దగ్గరదగ్గరగా సూదుల్లాంటి సన్నని పళ్లుంటాయి, దువ్వెనకు రాని చెత్త దానికి వస్తుంది. అంత శుభ్రపడిన దూది కాబట్టే ఒంటి కదురు రాట్నం మీద నూరో కౌంటు నూలు, అంటే చాలా సన్నని దారం తీయగలుగుతున్నారు. ఈ సంగతి చెప్పి సరిచేయమన్నాం. వెంటనే క్షమాపణ చెప్పి సరిచేసింది. బొమ్మ కూడా గీయమంటే గీసింది: ఒక ముసలమ్మ చక్కగా నవ్వుతూ, తోకా కళ్లూ అన్నీ ఉన్న నిండు చేపను రెండు చేతులతో పట్టుకుని దూది మీద రుద్దుతోంది.

మా అత్త ఆ బొమ్మ చూసి పడీపడీ నవ్వింది. ఆ అబ్బాయి దాన్ని పెట్టలేదు. కానీ పట్టు అనే మాట ఉన్న మొదటి వివరణను అప్పటికే ఎవరో తీసుకుని తమ పేజీలో వేసుకున్నారు, అది చూసి ఇంకొకరు. బెంగళూరు తమ్ముడికి నా ప్రశ్న: రేపు రాబోయే ఏఐ ఆ పేజీలనే చదువుకుంటుంది కదా, అప్పుడు మేం ఎవరికి చెప్పుకోవాలి?

పలాస టు బెంగళూరు

అక్కా, మీరు పట్టుకున్నది ఈ రంగంలో అందరినీ కలవరపెడుతున్న విషయమే. యంత్రం రాసినది మళ్లీ యంత్రానికే తిండి అవుతోంది. వడపోతలు ఉన్నాయి గానీ, పట్టు కాదు నూలు అని పట్టుకునే వడపోత పొందూరులో తప్ప ఇంకెక్కడ ఉంటుంది? మీరు ఇప్పుడు రాసిన ఆ నాలుగు వాక్యాలను వికీపీడియా లాంటి చోట ఆధారాలతో చేర్చడం ఒక్కటే నాకు తోచే దారి. నేను సాయం చేస్తాను.

సీతంపేట బడి

నేను పనిచేసే బడిలో పిల్లలు ఎక్కువగా సవర గిరిజనులు, వాళ్ల ఇంటి భాష సవర. వాళ్లకు ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడటం ఆట. సవరలో మాట్లాడితే, అది ఆ ధ్వనులకు దగ్గరగా ఉన్న తెలుగు మాటలేవో ఏరి ఒక వాక్యం రాసి, దానికి తడుముకోకుండా జవాబు కూడా ఇస్తుంది. నాకు అర్థం కాలేదు అనదు. పిల్లలు నవ్వుతారు, నాలుగు రోజులకు తెలుగులోకి మారిపోతారు. మా ప్రాంతంలో అసలు మార్పు అదే.

ఇక్కడ మన ప్రాంతంవాడైన గిడుగు రామమూర్తి గారిని తలచుకోవాలి. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని, అడిగి అడిగి ఆ భాష నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. కరణం గారు అర్జీ గురించి చెప్పిన పనినే ఆయన ఒక భాష మొత్తానికి చేశారు. ఇప్పుడు రికార్డు చేసుకునే పరికరం ప్రతి జేబులో ఉంది. మా పిల్లల అవ్వలు చెప్పే కథలను వాళ్ల అనుమతితో రికార్డు చేసి, పిల్లల చేతే తెలుగు లిపిలో రాయిస్తున్నాం. దీన్ని యంత్రాలకు అందించాలా వద్దా అనేది ఆ ఊళ్లవాళ్లు తేల్చుకోవలసిన సంగతి. నేను పంతుల్ని, ఆ నిర్ణయం నాది కాదు.

మూడు లాంతర్లు (విజయనగరం)

బెంగళూరు అన్నయ్య చెప్పినట్టు ప్రశ్నలు ముందు అడగమని చేసి చూశాను. మా పెదనాన్న భూమి విషయమే చెప్పాను. ఊరు, మండలం, నంబరు, ఎవరి పేరున ఉంది, ఏ కాగితాలు ఉన్నాయి అని వరసగా అడిగింది, తెలియని చోట గీతలు పెట్టింది. బాగానే ఉంది. అయితే జాయింట్ ఎల్‌పీఎం సంగతి అడగలేదు. కరణం గారి పోస్టు అతికించి మళ్లీ అడిగితే, అప్పుడు అడిగింది. అంటే ఏం అడగాలో కూడా ఎవరో ఒకరు దానికి చెప్పాలి. కరణం గారూ, అడిగినవాడి తప్పు అన్న నా మాట వెనక్కు తీసుకోను గానీ, కొంచెం తగ్గిస్తాను.

జిరాక్స్ కొట్టు అన్నగారిని ఇంకొకటి అడుగుతాను. ఇంటి దగ్గర రాయించుకుని వచ్చినవారి కాగితం చూసి సరిచేసినందుకు ఎంత తీసుకుంటున్నారు? కొత్తగా రాసినదానికి తీసుకున్నంత తీసుకుంటే మాత్రం న్యాయం కాదు.

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)

తమ్ముడూ, ప్రింటుకు ప్రింటు డబ్బులే తీసుకుంటున్నాను. సరిచేయడానికి విడిగా తీసుకోలేదు, తీసుకోవాలని మాత్రం ఉంది. అరగంట కూర్చుని అడిగే పనికి ధర ఉండకూడదంటే నేను ఒప్పుకోను. నా బేరం తగ్గిందన్నావు, అదీ నిజమే. రాసే పని తగ్గింది, అడిగే పని పెరిగింది, దానికి ఎంత తీసుకోవాలో నాకే తెలియడం లేదు.

ఇవన్నీ చదివాక ఒక పని చేశాను. కరణం గారి ప్రశ్నలను అరఠావు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసి మెట్ల దగ్గర పెట్టాను. ఊరు, మండలం, పాత సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఎవరి పేరున ఉండాలి, ఇప్పుడు ఎవరి పేరున ఉంది, ఇంతకుముందు అర్జీ ఇచ్చి ఉంటే దాని రసీదు నంబరు. తెలిసినవి నింపి, తెలియనివి ఖాళీగా వదలమంటున్నాను. నింపిన కాగితాన్ని ఫోనుకు చదివి వినిపించి అర్జీ రాయించుకున్నా నాకు అభ్యంతరం లేదు, నా చేత రాయించుకున్నా సరే. భావనపాడు చెల్లెమ్మ మాట విన్నాక, రాసింది పైకి చదవకుండా ఎవరి చేతా సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టించకూడదని అనుకున్నాను. సోమవారం రద్దీలో అది ఎంతవరకు సాగుతుందో చూడాలి.

పాత కరణం (చీపురుపల్లి)

ఆ కాగితంలో భూమి ఖాతా నంబరుకు చోటు లేదు. అది లేకపోతే వన్-బీ వెతకడం కష్టం. ఎల్‌పీఎం పక్కనే పెట్టండి. హద్దుల దగ్గర "ప్రస్తుతం సాగు చేస్తున్నవారి పేరు" అని కూడా ఉంటే మంచిది, పట్టాదారు ఒకరు సాగుదారు ఒకరు అయిన చోట తగాదా అక్కడే ఉంటుంది.

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)

రెండూ చేర్చాను, కరణం గారూ. కొత్త ప్రతి ఫొటో రేపు ఇక్కడే పెడతాను, కావలసినవారు తీసుకుని మీ ఊళ్లలో వాడుకోండి. పింఛన్ల అర్జీలకు ఇలాంటిదే విడిగా ఒకటి కావాలి, అందులో ఏయే ప్రశ్నలు ఉండాలో నాకు సరిగా తెలియదు. గ్రామ సచివాలయాల్లో పనిచేస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి రాయండి.